హైదరాబాదు జట్టు విజేతయైన 2021–22 ఇండియన్ సూపర్ లీగ్ క్రీడాకాలము

భారతదేశమున ప్రథమశ్రేణి ఫుట్‌బాల్ పోటీగా పరిగణింపబడుచున్న ఇండియన్ సూపర్ లీగ్ యొక్క ఎనిమిదవ క్రీడాకాలము 2021 నవంబరు 19వ తేదీన గోవాలో ఆరంభమై, 2022 మార్చి 20వ తేదీన అచ్చటనే ముగిసెను. పదునొకండు జట్లు పాల్గొని, 110 లీగు పోటీలును, నాలుగు సెమీఫైనల్ పోటీలును, ఒక ఫైనలును ఆడిన యీ క్రీడాకాలమున హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు కేరళ బ్లాస్టర్స్ జట్టును పెనాల్టీ కిక్కులలో ఓడించి, తన చరిత్రలో తొలిసారి విజేతయయ్యెను. తెలంగాణ రాజధాని పేరు ధరించిన జట్టొకటి ఈ లీగున కప్పు నందుకొనుట అదియే ప్రథమము. అయినను, ఆ విజయయాత్రలో ఒక్క పోటీయైనను హైదరాబాదులో జరుగలేదు. ఈ రెండు విషయములను కలిపి చూచినప్పుడే ఆ క్రీడాకాలము యొక్క నిజస్వరూపము బోధపడును.

ఆ క్రీడాకాలమున ఈ లీగు సన్మానములు రెండుండెను. ప్రతి జట్టును మిగిలిన పది జట్లతో రెండేసి మారులు తలపడగా, గెలుపునకు మూడు, సమమునకు ఒకటి చొప్పున సమకూరిన పాయింట్లను బట్టి పట్టికలో అగ్రస్థానమున నిలిచిన జట్టునకు లీగ్ విన్నర్స్ షీల్డు లభించెడిది. మొదటి నాలుగు స్థానముల వారు సెమీఫైనలు లాడి, వానియందు నెగ్గిన రెండు జట్లును ఫైనలున పోరాడగా, గెలిచినదే విజేత యనిపించుకొనెడిది. ఐరోపాలో పెక్కు దేశములందు ఈ రెండవ ఘట్టము లేదు. లాత్వియా వంటి శీతల దేశమున, మంచు కరుగు వేళ మొదలై చలి ముదురు వేళకు ముగియు లీగున, పట్టికలో మొదట నిలిచిన జట్టే విజేత. మన దేశమున ఎండలకును వానలకును జడిసి ఆటను శీతకాలమున కెత్తుకొనుట యెంత సహజమో, ఏడాది శ్రమ ఫలమును చివరి రాత్రి యొక్క ఉత్కంఠకు అప్పగించుట యంత సహజమని చెప్పజాలము. 2021–22లో షీల్డు 43 పాయింట్లు సంపాదించిన జంషెడ్‌పూర్ జట్టునకు దక్కెను. హైదరాబాదు 38 పాయింట్లతో ద్వితీయ స్థానమునను, ఎ.టి.కె. మోహన్ బగాన్ 37 పాయింట్లతో తృతీయ స్థానమునను, కేరళ 34 పాయింట్లతో చతుర్థ స్థానమునను నిలిచినవి. హైదరాబాదు విజయమును కీర్తించు వారు ఈ ద్వితీయ స్థానమును దాచిపెట్టవలసిన పనిలేదు. దాని వలన ఆ కప్పునకు కలుగు లోపమేమియు లేదు.

హైదరాబాదునకు ఫుట్‌బాల్ పరాయి యాట కాదు. నిజాము పాలన యంతరించిన తొలి యేండ్లలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు, స్వాతంత్ర్యానంతరము తిరిగి ప్రారంభమైన డ్యూరాండు కప్పును 1950లో మోహన్ బగాన్‌పై గెలిచి, అదే సంవత్సరము మొదలుకొని 1954 వరకు బొంబాయి నగరపు రోవర్స్ కప్పును వరుసగా ఐదు మారులు కైవసము చేసికొనెను. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీము వృత్తిచే ఉపాధ్యాయుడు. చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల మొదలగు చోట్ల పిల్లలకు పాఠములు చెప్పిన యా మనుజుడు ఆటనుగూడ పాఠముగనే నేర్పెను. బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నవలెనను నియమముతో ఒక పోటీ, బంతిని కాళ్ల నడుమ త్రిప్పుచు పోరాదను నియమముతో మరియొక పోటీ, ఈ విధముగా ఆయన యేర్పరచిన పందెములు చిత్రముగా దోచవచ్చును. కాని రెండు కాళ్లతోను సమానముగా ఆడు నేర్పును, బంతిని క్షణమైనను నిలుపక తోడివానికి అందించు అలవాటును హైదరాబాదు బాలురకు అబ్బినది ఆ పందెముల వలననే. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలోను, 1962లో జకార్తా ఆసియా క్రీడలలోను స్వర్ణ పతకములు గెలిచి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో సెమీఫైనలు వరకు పోయెను. ఆ మెల్బోర్న్ జట్టులో అజీజుద్దీను, నూర్ మహమ్మదు, జుల్ఫికరుద్దీను, సికిందరాబాదు సమీపమున అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాము మున్నగువారు ఈ నేల మీద ఆట నేర్చినవారు.

రాష్ట్ర జట్ల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీ పోటీలలో హైదరాబాదు జట్టు 1956–57, 1957–58 సంవత్సరములలో వరుసగా రెండు మారులును, అటుపిమ్మట ఆంధ్రప్రదేశ్ జట్టు 1965–66లోను గెలుపొందినవి.  రహీము 1963 జూను 11న క్యాన్సరు వ్యాధితో మరణించెను. తరువాత గూడ నయీముద్దీను, హబీబు, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజు వంటి మేటి ఆటగాండ్రు హైదరాబాదునుండి వచ్చిరి. కాని వారి వైభవము అధికముగా కలకత్తా మైదానములందే వికసించెను. నగరమున పేరుగల జట్లు పోలీసు, రైల్వే వంటి శాఖల యాశ్రయమున నుండినవే గాని, టిక్కెట్టు కొని వచ్చు ప్రేక్షకునిపై నాధారపడిన క్లబ్బు వేళ్లూనలేదు. కలకత్తాలో మోహన్ బగానునకో ఈస్ట్ బెంగాలునకో తాత మనుమనికి అప్పగించు అభిమానమువంటిది ఇచ్చట ఏర్పడకపోవుటకు ఇదియే ప్రధాన కారణమని ఈ వ్యాసకర్త యభిప్రాయము.

ఇట్టి నేపథ్యమున 2019 ఆగస్టు నెలలో, మూతపడిన పుణె సిటీ క్లబ్బు స్థానమున, హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు వెలసెను. విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని దాని యజమానులు, గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి క్రీడాప్రాంగణము దాని నెలవు. ఆ సంవత్సరము నవంబరు 2వ తేదీన సొంత గడ్డపై ఆడిన మొదటి పోటీలో కేరళ జట్టుపై 2–1 తేడాతో గెలిచి ఆశలు రేపినను, తొలి క్రీడాకాలమంతటిలో రెండే విజయములు, పది పాయింట్లు సంపాదించి, పది జట్లలో పదియవదిగా మిగిలెను. 2020లో స్పెయిను దేశీయుడగు మనోలో మార్కెజ్ శిక్షకుడుగా వచ్చిన తరువాత గాలి మళ్లెను. పేరుగన్న వారిని ఎక్కువ వెలకు కొనుటకు బదులు, ఇరువది యేండ్లు అటునిటుగా నున్న భారతీయ యువకులను నమ్మి, వారిని వరుసగా ఆడించుట ఆయన పద్ధతి. ఎడమ ప్రక్క రక్షణలో ఆకాశ్ మిశ్రా, కుడి ప్రక్క ఆశీష్ రాయ్, మధ్యభాగమున హితేశ్ శర్మ, మహమ్మద్ యాసిర్ మున్నగువారు ఆ విధముగా రాటుదేలిరి. 2020–21లో జట్టు ఐదవ స్థానమున నిలిచి, రెండు పాయింట్ల తేడాతో సెమీఫైనలు అవకాశమును పోగొట్టుకొనెను.

కోవిడు మహమ్మారి కారణమున 2020–21 వలెనే 2021–22 క్రీడాకాలమును గూడ సంపూర్ణముగా గోవాలోనే నడిపిరి. మడ్గావ్ ఫతోర్డా మైదానము, బాంబోలిం జి.ఎం.సి. మైదానము, వాస్కోలోని తిలక్ మైదానము, ఈ మూడింటి యందే సర్వమును జరిగెను. ఆటగాండ్రు నెలల తరబడి హోటలు గదికిని, సాధన మైదానమునకును, పోటీ మైదానమునకును మాత్రమే పరిమితులై, బంధుమిత్రులను చూడక, ఖాళీ గ్యాలరీల నడుమ ఆడిరి. జనవరి నెలలో శిబిరములందు వ్యాధి ప్రబలగా పెక్కు పోటీలు వాయిదా పడినవి. ఆటను చూడగోరు తెలంగాణ ప్రేక్షకునకు తెర తప్ప వేరు దారి లేకుండెను. హనుమకొండ నుండి గచ్చిబౌలికి సుమారు నూటయేబది కిలోమీటర్ల దూరము. ఆ యేడు గచ్చిబౌలిలో మైదానము ప్రక్కనే కాపురమున్న వాడును, హనుమకొండ చౌరస్తాలో టీ కొట్టు వద్ద సెల్‌ఫోనులో ఆట చూచిన వాడును తమ జట్టునకు సమానముగనే దూరమైరి. ఆ క్రీడాకాలమున అమలుకు వచ్చిన మరియొక నియమము గమనింపదగినది. మైదానమున ఒకేసారి నలుగురు విదేశీయులకంటె ఎక్కువమంది ఉండరాదని, ఏడుగురు భారతీయు లుండి తీరవలెనని నిర్ణయించిరి. యువకులపై నమ్మకముంచిన మార్కెజ్ జట్టునకు ఇది వరమై పరిణమించెను.

లీగు ఘట్టము అపజయముతోనే మొదలయ్యెను. నవంబరు 23న చెన్నైయిన్ జట్టు చేతిలో 0–1 తేడాతో ఓడిన హైదరాబాదు, నాలుగు దినములకే క్రిందటి యేటి విజేతయగు ముంబై సిటీని 3–1 తేడాతో చిత్తు చేసి, అది మొదలు ఎనిమిది పోటీలు ఓటమి యెరుగక నడచెను. వానిలో నార్త్‌ఈస్ట్ జట్టుపై 5–1, ఒడిశాపై 6–1 తేడాతో సాధించిన విజయములు జట్టు దూకుడును చాటినవి. బెంగుళూరుపై 1–0 విజయము రక్షణ శ్రేణి గట్టిదనమును చూపెను. జంషెడ్‌పూర్, గోవా, ఈస్ట్ బెంగాల్ జట్లతో 1–1గాను, మోహన్ బగానుతో 2–2గాను పోటీలు సమముగా ముగిసినవి. జనవరి 9న కేరళ 1–0 తేడాతో ఆ వరుసను తెంచెను. అటుపిమ్మట చెన్నైయిన్‌తో మరల 1–1 సమము. జనవరి చివరి ఎనిమిది దినములలో ఈస్ట్ బెంగాలుపై 4–0, ఒడిశాపై 3–2, నార్త్‌ఈస్ట్‌పై 5–0 తేడాలతో మూడు గెలుపులు కూడగట్టుకొని జట్టు పట్టికలో పైకెగసెను. ఫిబ్రవరిలో మోహన్ బగాను చేతిలో 1–2 తేడాతో ఓడినను, బెంగుళూరును 2–1, గోవాను 3–2, కేరళను 2–1 తేడాలతో వరుసగా జయించి, ఫిబ్రవరి 23వ తేదీ నాటికి మొదటిసారి సెమీఫైనలున ప్రవేశించెను. మార్చి 1న జంషెడ్‌పూర్ చేతిలో 0–3 తేడాతో తిన్న దెబ్బయే షీల్డును చేజార్చెనని చెప్పవచ్చును. చివరి పోటీలో ముంబైపై 2–1 తేడాతో గెలిచి, మొత్తము ఇరువది పోటీలలో పదునొకండు గెలుపులు, ఐదు సమములు, నాలుగు ఓటములు, 43 గోల్స్ చేసి 23 గోల్స్ ఇచ్చిన లెక్కతో లీగు ఘట్టమును ముగించెను.

ఆ నలుబది మూడు గోల్సుకు మూలస్తంభము బార్తొలోమ్యూ ఓగ్బెచె. నైజీరియా దేశీయుడు, 2002 ప్రపంచ కప్పున తన దేశము తరపున ఆడినవాడు, ముప్పది యేడేండ్ల వయస్సున, పరుగుకంటె నిలుచు చోటు తెలిసికొనుటయే మేలను అనుభవముతో, ఈ క్రీడాకాలమున 18 గోల్స్ చేసి గోల్డెన్ బూట్ పురస్కారము పొందెను. లీగు చరిత్రలో ఒక క్రీడాకాలమున అంతకు మించి చేసినవారు అప్పటికి లేరు. 2017–18లో గోవా ఆటగాడు కోరో చేసిన 18 గోల్సుకు ఇది సాటి. అంతకుముందు నార్త్‌ఈస్ట్, కేరళ, ముంబై జట్ల తరపున చేసినవి కలుపుకొన్నచో ఆతని గోల్స్ 53కు చేరి, లీగులో అందరికంటె ముందు నిలిపినవి. నాయకుడు బ్రెజిల్ దేశీయుడగు జోవావ్ విక్టర్ మధ్యభాగమున ఆట వేగమును అదుపు చేయగా, రక్షణలో స్పెయినుకు చెందిన హువానన్, మణిపురపు చింగ్లెన్‌సనా సింగు ఉక్కు గోడవలె నిలిచిరి.

సెమీఫైనలు మొదటి పోటీ మార్చి 12న మోహన్ బగానుతో. ఫిజీ దేశీయుడు రాయ్ కృష్ణ తొలుత గోలు చేసి హైదరాబాదును వెనుకకు నెట్టెను. మొదటి యర్ధభాగపు చివరి క్షణములలో ఓగ్బెచె లెక్క సరిచేయగా, విరామానంతరము యాసిర్, హావియెర్ సివెరియో చెరియొక గోలు చేసిరి. 3–1. మార్చి 16న రెండవ పోటీలో రాయ్ కృష్ణయే మరల గోలు చేసినను, మొత్తము మీద 3–2 తేడాతో హైదరాబాదు నిలద్రొక్కుకొనెను. అవతలి వైపున కేరళ, షీల్డు విజేతయగు జంషెడ్‌పూరును ఇంటికి పంపెను.

మార్చి 20వ తేదీ ఆదివారము రాత్రి ఫతోర్డాలో జరిగిన ఫైనలునకు ప్రేక్షకులను అనుమతించిరి. రెండేండ్ల నిశ్శబ్దము తరువాత గ్యాలరీలు నిండినవి. నిండినది కేరళ అభిమానుల పసుపు రంగుతో. రెండు జట్లకును పసుపే సొంత రంగు. లీగు పట్టికలో పైనున్నందున హైదరాబాదు వారికే ఆ రంగు ధరించు హక్కు కలిగి, గ్యాలరీలోని పసుపు ఒకరిది, మైదానములోని పసుపు మరియొకరిది యయ్యెను. కేరళ జట్టు అప్పటికే 2014, 2016 ఫైనలులలో ఓడినది. మూడవ మారు వచ్చినది గావున ఆ జనసందోహపు ఆరాటమునకు అర్థమున్నది. మొదటి యర్ధభాగమున కేరళ ఆటగాడు అల్వారో వాస్కెజ్ కొట్టిన బంతి అడ్డుపట్టెకు తగిలి వెనుకకు మళ్లెను. అరువది ఎనిమిదవ నిమిషమున కె.పి. రాహుల్ దూరమునుండి తన్నిన బంతి గోల్ కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి చేతులను తాకియు లోనికి జారెను. ఇరువది నిమిషములు గడచినవి. ఎనుబది యెనిమిదవ నిమిషమున, గోలు ముంగిటినుండి తరిమికొట్టబడి గాలిలో వచ్చిన బంతిని, మారుగా దిగిన సాహిల్ తవోరా నేల తాకనీయక పెనాల్టీ పెట్టె వెలుపలినుండియే బలముగా కొట్టి వల లోనికి పంపెను. అదనపు ముప్పది నిమిషములలో ఎవరికిని గోలు దొరకలేదు.

పెనాల్టీ కిక్కుల ఘట్టమున ప్రధానపాత్ర కట్టిమణి వహించెను. ఆతని వెనుక ఒక కథ కలదు. 2015 డిసెంబరు 20న ఇదే ఫతోర్డాలో గోవా జట్టు తరపున ఫైనలు ఆడుచు, తొంబదియవ నిమిషము వరకు 2–1 ఆధిక్యముతో నున్న వేళ, బంతి తన చేతినుండి తన గోలులోనికే పోయి లెక్క సమమగుటయు, మరుక్షణముననే చెన్నైయిన్ వారు మూడవ గోలు చేసి కప్పు నెత్తుకొని పోవుటయు జరిగెను. గోవాలోనే పెరిగిన వాడు. సొంతవారి కన్నుల యెదుట సంభవించిన ఆ దుర్ఘటన ఆరేండ్లకు పైగా ఆతని వెన్నంటి యుండవలెను. ఈ రాత్రి కేరళ తొలి కిక్కును మార్కో లెస్కోవిచ్ తన్నగా కట్టిమణి ఆపెను. జోవావ్ విక్టర్ గోలు చేసెను. నిషు కుమార్ కిక్కును ఆపగా, కీపర్ గీత దాటి ముందుకు వచ్చెనని రిఫరీ మరల తన్నించెను, దానినిగూడ ఆపెను. సివెరియో తన్నిన బంతి గోలు తప్పెను. కేరళ యువకుడు ఆయుష్ అధికారి గోలు చేసెను. హైదరాబాదుకు ఖస్సా కమారా బదులిచ్చెను. జీక్సన్ సింగు కిక్కుతో ముచ్చటగా మూడవది ఆపబడెను. హాలిచరణ్ నర్జరీ తాపీగా వచ్చి తన్నిన బంతి వలను తాకగా 3–1 తేడాతో ఆట ముగిసెను. గోలు చేసి ఆటను నిలిపిన తవోరాయు, కిక్కులాపిన కట్టిమణియు గోవా వారే. ఆ రాత్రి హైదరాబాదు పేరు నిలిపినది ఆతిథ్యమిచ్చిన నేలయొక్క బిడ్డలని చెప్పుకొనుటలో చిన్నతనమేమియు లేదు. విజేతకు ఆరు కోట్ల రూపాయల బహుమతి లభించెను.

ఇక పరిణామము. 2022 శరత్కాలమున లీగు మరల ఊళ్లకు వచ్చినది. గచ్చిబౌలి ప్రాంగణమున విజేతలను కన్నులార చూచు భాగ్యము తెలంగాణ వారికి కలిగెను. ఆ యేడు హైదరాబాదు 42 పాయింట్లతో మరల ద్వితీయ స్థానము పొంది, సెమీఫైనలున పెనాల్టీలలో మోహన్ బగానునకు లోబడెను. 2023లో మార్కెజ్ గోవా జట్టునకు తరలిపోయెను. తరువాత క్లబ్బు ఆర్థికముగా చితికి, జీతములు సకాలమున అందక ఆటగాండ్రు ఒక్కరొక్కరుగా విడిచిపోగా, 2023–24లో ఒకే విజయముతో, ఎనిమిది పాయింట్లతో, పన్నెండు జట్లలో చివరిదయ్యెను. కప్పు గెలిచిన రెండేండ్లకే ఇట్టి పతనము. యాజమాన్యము చేతులు మారి, 2025లో ఆ క్లబ్బు హైదరాబాదును విడిచి దేశ రాజధానికి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అను పేరు దాల్చెను. సిటీ పోలీసు జట్టు ప్రభ తగ్గినను హైదరాబాదులోనే తగ్గెను. ఈ జట్టు ఊరిని వదలిపోయెను. పిల్లలకు బడులలో బంతి చేతికిచ్చి ఒక్క రహీము నిలుపగలిగిన దానిని, కోట్ల రూపాయల పెట్టుబడి ఆరేండ్లకు మించి నిలుపజాలకపోవుటకు కారణము, ఆటగాండ్రను కొని తెచ్చినంత వేగముగా అభిమానులను పెంచుట సాధ్యము గాకపోవుటయే. అయినను, అగ్రశ్రేణికి దిగువనుండిన ఐ-లీగున, హైదరాబాదు చెంత అజీజ్‌నగరులోని సొంత మైదానము నాధారముగా చేసికొన్న శ్రీనిధి డెక్కన్ జట్టు 2022–23, 2023–24 సంవత్సరములలో వరుసగా ద్వితీయ స్థానము పొందెను.